నిండు చీర – తొమ్మిదో భాగం: కౌసర్ సంచిలో ముక్కలు

పోయిన వారం మీరు నన్ను రేపల్లె స్టేషన్లో వదిలేసి వెళ్ళారు. తెనాలి పాసింజరు కిటికీ పక్కన కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. కొంగంటే పెద్ద కొంగేం కాదు, భుజం దాటి మోచేతి దగ్గరే ఆగిపోయిన చీర చివర. కళ్ళు తుడుచుకోవటానికి కూడా చాలలేదు.

ఇవాళే నా కథలోకి వచ్చినవాళ్ళకు జరిగింది క్లుప్తంగా చెబుతాను. నా పేరు మాధురి. రేపల్లె బజార్లో మా మేనత్త మంగాయమ్మ గారి చీరల షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రతి ఆదివారం పదకొండింటికి ఫోన్లో లైవ్ పెట్టి చీరలు చూపిస్తాం. చీర కట్టుకుని ముందు నిలబడేది అత్తయ్య కూతురు శ్రావ్య. అది సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఏ చీరైనా దాని ఒంటిమీద బుద్ధిగా కూర్చుంటుంది. ఫోను వెనక నిలబడి మాట్లాడేది నేను. 'అక్కలూ, పిన్నులూ, అంచు ఒక్కసారి చూడండి' అనే నా గొంతు కోసం పొయ్యి మీద కూర మాడబెట్టుకునే ఇల్లాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆ గొంతు గల మనిషి ఎంత లావుంటుందో మాత్రం వాళ్ళకు తెలియదు. తెలియకుండా నేనే జాగ్రత్తపడ్డాను.

పోయిన ఆదివారం శ్రావ్య స్నేహితురాలి పెళ్ళికని గుంటూరు వెళ్ళింది. అత్తయ్య అయిష్టంగానే నన్ను ముందుకు తోసింది. మామిడిపండు రంగు చీర కట్టుకున్నాను. కుచ్చిళ్ళు మూడే వచ్చాయి, కొంగు మోచేతి దగ్గర ఆగింది. ఎవరో ఒకాయన 'ఫోను అడ్డంగా తిప్పండి, మనిషి పట్టట్లేదు' అని కామెంటు రాశాడు. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు వచ్చిపడ్డాయి. అత్తయ్య లైవ్ కట్టేసింది.

అంతటితో అయినా బాగుండేది. రాబోయే శ్రావణ శుక్రవారం బాపట్లలో మా కొత్త షాపు తెరుస్తున్నాం. ఆ షాపు కౌంటరు నాదేనని అత్తయ్య ఏడాదిగా చెబుతోంది. ఆ సాయంత్రం ఆ మాట వెనక్కి తీసుకుంది. బాపట్ల వాళ్ళకు మనం కొత్త, ముందు కంటికి ఆనాలి, కౌంటరు మీద శ్రావ్య కూర్చుంటుంది, నువ్వు లోపలుండి ఫోన్లు చూసుకో అంది. నా అంత మనిషి కంటికి ఆనకపోవటమేంటో నాకు అర్థం కాలేదు. అడగలేదు. రైలెక్కేశాను.

సోమవారం షాపుకు వెళ్ళలేదు. మంగళవారమూ వెళ్ళలేదు. అద్దం ముందు నిలబడి నన్ను నేను తిట్టుకోవటంతోనే రెండు రోజులు గడిచిపోయాయి. బుధవారానికి నా తిట్లు నాకే విసుగు పుట్టి, ఇక వేరేవాళ్ళ చేత తిట్టించుకుందామని కౌసర్ ఇంటికి బయల్దేరాను.

కౌసర్ తెనాలిలో మా వెనక వీధిలోనే ఉంటుంది. స్కూల్లో నాకంటే రెండేళ్ళు చిన్న. ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. పదేళ్ళుగా నా జాకెట్లన్నీ తనే కుట్టింది కానీ, ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా తన టేపు నా ఒంటికి తగలనివ్వలేదు. ఎప్పుడు వెళ్ళినా ఒక ఆది జాకెట్టు చేతిలో పెట్టి, దీని కొలతకే కుట్టు అని వచ్చేసేదాన్ని. ఇప్పుడిస్తున్న ఆది నాలుగేళ్ళ కిందటిది. అప్పుడే బిగుతు. కాబట్టి కౌసర్ కుట్టిన ప్రతి కొత్త జాకెట్టూ పుట్టుకతోనే నాకు బిగుతుగా పుట్టేది. అది వేసుకుని ఊపిరాడక అవస్థపడి, నా ఒంటినే తిట్టుకునేదాన్ని.

ఆ రోజు కూడా అలవాటు ప్రకారం మామిడిపండు రంగు జాకెట్టు గుడ్డ, దాని మీద ఆది పెట్టి ఇచ్చాను. ఆ చీర ఇంకెప్పుడూ కట్టనని ఒట్టు పెట్టుకుని, దానికి జాకెట్టు ఎందుకు కుట్టించుకుంటున్నానో నాకే తెలియదు. ఆదివారం కట్టుకున్నది పాత పసుపు జాకెట్టు మీదకు. బహుశా కౌసర్‌తో కాసేపు కూర్చోవటానికి ఒక సాకు కావాలి.

కౌసర్ ఆది జాకెట్టును బల్ల మీద పరిచి చూసింది. పక్క కుట్లు మూడుసార్లు విప్పి వదులు చేసిన గుర్తులు వేలితో తడిమింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి నా ఒళ్ళో పెట్టేసింది.

"ఇది కుట్టనక్కా. ఇది నీ కొలత కాదు, ఎప్పటిదో మాధురిది. ఆమె వస్తే ఆమెకి కుడతా."

నాకు కోపం వచ్చింది. డబ్బులిచ్చి కుట్టించుకునేదాన్ని, నాకు నచ్చిన కొలత ఇస్తాను అన్నాను. కౌసర్ కోప్పడలేదు, నవ్వలేదు. మెడలోని టేపు తీసి, చేతులు పక్కకు పెట్టమంది. తప్పించుకోవటానికి గుమ్మం వైపు చూశాను. తను ముందే తలుపు దగ్గరకు వేసి, కర్టెను లాగింది. ఇక చేసేదేమీ లేక చేతులు చాపి నిలబడ్డాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను, ఇంజక్షను చేయించుకునే చిన్నపిల్లలాగా.

కౌసర్ టేపు చుట్టి అంకెలు పైకే చెప్పుకుంటూ నోట్‌బుక్కులో రాసుకుంది. చాతీ నలభై నాలుగు. నడుము నలభై. చేతి చుట్టు పదిహేను. బజార్లో వంకాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను కళ్ళు తెరిచి, ఇంతేనా అన్నాను.

"ఇంతేనక్కా. నువ్వెంత అనుకున్నావ్?"

నిజం చెప్పాలంటే నా మనసులో అంకె అంటూ ఏదీ లేదు, భయం మాత్రమే ఉంది. అంకె లేని భయం ఎంతైనా పెరుగుతుంది. నలభై నాలుగు అని తెలిసేసరికి అది నలభై నాలుగు దగ్గర ఆగింది. కౌసర్ నోట్‌బుక్కు నా ముందు పెట్టింది. అందులో నలభై నాలుగులు నాకు ముందే తొమ్మిది మంది ఉన్నారు. ఒకావిడ బ్యాంకులో పనిచేస్తుంది, ఒకావిడ ఇద్దరు కవలల తల్లి. వాళ్ళంతా అన్నం తిని, పనికి వెళ్ళి, నవ్వుకుంటూ బతికేస్తున్నారు. నేనే బతకటానికి సన్నబడేదాకా ఆగుదామని కూర్చున్నాను.

తర్వాత కౌసర్ మామిడిపండు రంగు గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరించింది. మోచేతి దాకా చేతులు పెట్టినా మూరెడు గుడ్డ మిగిలింది. ఆ మిగిలిన ముక్కను విసుగ్గా మడిచి, మిషను కింద ఉన్న గుడ్డసంచి బయటికి లాగి అందులో పడేయబోయింది. సంచి నిండా ముక్కలే. నెమలికంఠం రంగు, వంగపండు రంగు, చిలకపచ్చ. వాటిలో చాలా చీరలు నా గొంతుతో అమ్మినవే.

ఇవెక్కడివి అని అడిగాను.

"మీ షాపు చీరలవేనక్కా. లావుగా ఉన్నవాళ్ళ గుడ్డ ఎప్పుడూ ఇట్టాగే మిగుల్తది. సన్నవాళ్ళది అంగుళం కూడా మిగలదు. మీరంతా అడిగి ఎక్కువ కత్తిరించుకుంటారేమో అనుకున్నా. తీసుకెళ్ళమంటే ఎవరూ తీసుకెళ్ళరు."

మేమెవరం అడగలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మా షాపులో చీర కొన్నవాళ్ళకు జాకెట్టు గుడ్డ కత్తిరించి, ఫాల్ వేసి, పికో చేసి ఇస్తాం. ఫోన్లో కొన్నవాళ్ళను చీటీ మీద జాకెట్టు సైజు రాసి పంపమంటాం. ఆ చీటీ వెనక బల్ల దగ్గర ఉండే రాఘవయ్య బాబాయికి వెళుతుంది, ఆయన కత్తిరిస్తాడు. ఎంత ఎక్కడ కత్తిరించాలో ఇంతవరకు ఎవరూ ఆయనను అడిగిన పాపాన పోలేదు.

ఇంటికి పరిగెత్తి మామిడిపండు చీర పట్టుకొచ్చాను. నేను పరిగెత్తటం చూసి వీధిలో ఇద్దరు పక్కకు తప్పుకున్నారు. కౌసర్ ఒక చివర, నేను ఒక చివర పట్టుకుని కొలిచాం. అయిదు మీటర్ల అయిదు సెంటీమీటర్లు వచ్చింది. అక్కడ ఉండాల్సింది అయిదున్నర. 'జాకెట్టు పీసుతో కలిపి ఆరు మీటర్ల ముప్ఫై' అని వారం వారం నా నోటితో చెప్పే మాట ఒకసారి గుర్తు చేసుకుని, వేళ్ళ మీద లెక్క వేశాను. నా జాకెట్టుకు ఎక్కువలో ఎక్కువ తొంభై సెంటీమీటర్లు పడుతుంది. రాఘవయ్య బాబాయి నాకు కత్తిరించింది మీటరుంబావు.

ఆ సాయంత్రం నా బీరువాలో చీరలన్నీ కొలిచాను. మా షాపువి ఎనిమిది. ఎనిమిదీ పొట్టివే. బయట కొన్నవి మూడు, మూడూ నిండుగా ఉన్నాయి. ఆ మూడూ నేను ఎప్పుడూ కట్టలేదు. సన్నబడ్డాక కట్టుకుందామని అట్టపెట్టెల్లో దాచుకున్నాను. కట్టుకుని ఉంటే ఆరేళ్ళ కిందటే సంగతి తెలిసిపోయేది. చీరలు అమ్మి పొట్టపోసుకునేదాన్ని, నా చీర నేను ఒక్కసారి కొలుచుకోలేదు. చీర చాలనప్పుడల్లా కొలవకుండానే నేరం నా నడుము మీద వేశాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

ఆదివారం పొద్దున్నే తొలి పాసింజరెక్కాను. చేతిలో కౌసర్ ఇచ్చిన గుడ్డసంచి, చంకలో మడత పెట్టిన మామిడిపండు చీర, ఒంటిమీద కౌసర్ కొత్తగా కుట్టిన జాకెట్టు. జంపని దాటేసరికి ఒక విషయం గమనించాను. అరగంట నుంచి కూర్చున్నాను, ఒక్కసారి కూడా చంక దగ్గర కుట్టు సర్దుకోలేదు. హాయిగా ఊపిరి తీసుకుంటున్నాను. ఇంత చిన్న సుఖానికి ఇన్నేళ్ళు దూరంగా ఉన్నానా అని నా మీద నాకే జాలేసింది.

షాపులో రాఘవయ్య బాబాయి అప్పటికే బల్ల తుడుచుకుని కత్తెర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. గట్టిగా మాట్లాడని మనిషి. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు తల కూడా ఎత్తడు. సంచిలో ముక్కలు ఆయన బల్ల మీద కుమ్మరించి, ఇవి ఎవరెవరివో చెప్పాను. ఆయన ఒక్కో ముక్కా తీసి వేళ్ళతో కొలిచాడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఆడవాళ్ళని నీకెంత కావాలమ్మా అని అడిగితే నొచ్చుకుంటారు గదా. అడక్కుండా నేనే నాలుగు వేళ్ళు ఎక్కువిచ్చేవాణ్ణి. అది పోనుపోను మూరెడైందమ్మా. అటుపక్క చీర తగ్గుద్దని నాకు తోచనే లేదు."

ఆయన చీటీ మీద నలభై దాటిన సైజు చూస్తే చాలు, గుడ్డ ఇంకాస్త ముందుకు లాగి కత్తెర వేసేవాడు. మాకు కష్టం కలగకూడదని అనుకున్నాడు. పాపం, మర్యాద కోసమే చేశాడు. ఆ మర్యాద వల్ల ఈ తాలూకాలో లావుగా ఉన్న ఆడవాళ్ళందరి చీరలూ పొట్టివైపోయాయి. ఆయనను తిడదామని వచ్చినదాన్ని, ఆ ముఖం చూసి తిట్టలేకపోయాను.

ఆయనే అడిగాడు. ఇన్నేళ్ళలో ఒక్కరైనా చీర చాలటం లేదని షాపుకు రాలేదేం అని.

"ఎట్టా వస్తారు బాబాయ్? చీర తక్కువైందని ఎవరనుకుంటారు, మేమే ఎక్కువయ్యామనుకున్నాం. నేను షాపులో ఉండి కూడా అదే అనుకున్నా."

ఆ మాట అత్తయ్య చెవిన పడింది. అప్పుడే పూలు పట్టుకుని లోపలికి వచ్చింది. మొత్తం చెప్పించుకుని విన్నది. మా అత్తయ్యకు ఒక గుణం ఉంది, ఎంత పెద్ద సంగతి విన్నా ముందు చేతిలో పని పూర్తి చేస్తుంది. పటాలకు పూలు పెట్టింది. దణ్ణం పెట్టుకుంది. తర్వాత నన్ను చీరల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

తప్పు జరిగిన మాట నిజమేనంది. రేపటి నుంచి అందరికీ కొలిచి కత్తిరిద్దామంది. కానీ సంగతి ఈ గది దాటకూడదంది. ఇంటి గుట్టు లంకకు చేటు, శుక్రవారం బాపట్ల షాపు పెట్టుకుని ఇవాళ లైవులో మన తప్పు మనమే చాటుకుంటే కొబ్బరికాయ కొట్టకముందే షట్టరు దించుకోవాలంది. నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది.

"నువ్వు ఈ విషయం మర్చిపో. బాపట్ల కౌంటరు నీకే ఇస్తా. శ్రావ్యకి నేను చెప్పుకుంటా."

అబద్ధం ఎందుకు చెప్పాలి, నా మనసు ఊగింది. ఏడాదిగా కలలోకి వచ్చే కౌంటరు అది. ఊఁ అంటే చాలు. ఊఁ అనబోయాను కూడా. అంతలో చీటీల కట్ట కంటపడింది. నలభై రెండు, నలభై ఆరు, నలభై నాలుగు. ఎంతో సిగ్గుపడుతూ, ఎవరికీ కనపడకూడదని చిన్న అక్షరాలతో రాసి పంపిన అంకెలు. వాళ్ళంతా ఈపాటికి ఏ అద్దం ముందో నిలబడి, చాలని చీర కట్టుకుంటూ తమను తాము తిట్టుకుంటూ ఉంటారు. నేను కౌంటరు మీద కూర్చుని వాళ్ళ ముఖం ఎలా చూడను? అదీగాక, నోరు మూసుకున్నందుకు దొరికిన కౌంటరు మీద కూడా నేను దాక్కుని కూర్చున్నట్టే కదా.

వద్దత్తయ్యా అన్నాను. చెబుతాను అన్నాను. అత్తయ్య ముఖం గట్టిపడింది.

"చెప్తే ఇక బాపట్ల లేదు, ఈ షాపూ లేదు. ఆలోచించుకో."

తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. గడియారంలో పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. శ్రావ్య చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. దాని చేతిలో ఫోను పెట్టి, ఇవాళ నువ్వు పట్టుకో, నేను ముందుంటా అన్నాను. అది నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. లైటు నా వైపు తిప్పింది.

అరల్లోంచి కొత్త చీరాల నేత చీర ఒకటి తీశాను. ముదురు ఆకుపచ్చ, ఎర్రంచు. జాకెట్టు గుడ్డ ఇంకా కత్తిరించలేదు. లైవు మొదలైంది. పోయిన ఆదివారం నవ్విన బొమ్మలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయని గుర్తొచ్చింది. అయినా నోరు తెరిచాను. తెరిచాక ఆ గొంతు దాని పని అది చేసుకుపోయింది.

"అక్కలూ, పిన్నులూ, ఇన్నాళ్ళూ గొంతు విన్నారు గదా, మనిషిని ఇవాళ సరిగ్గా చూడండి. నా పేరు మాధురి. నా చాతీ నలభై నాలుగు, నడుము నలభై. మా షాపు వల్ల మీకొక పొరపాటు జరిగింది, అది చెప్దామని ముందుకొచ్చా."

పక్క నుంచి అత్తయ్య ఆపు ఆపు అంటూ ఫోను మీదకు చెయ్యి చాచింది. శ్రావ్య ఫోనును తల మీదకు ఎత్తేసింది. దాని పొడుగు ముందు అత్తయ్య చెయ్యి అందలేదు. శ్రావ్య తల్లి మాటకు ఎదురు నిలవటం నేను చూడటం అదే మొదటిసారి.

మీటరు కర్ర తీసుకుని మామిడిపండు చీర అందరి ముందూ కొలిచాను. అయిదూ అయిదు. కౌసర్ సంచిలో ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి చూపించాను. కత్తిరింపు ఎక్కడ తప్పిందో చెప్పాను. రాఘవయ్య బాబాయి పేరు చెప్పలేదు, షాపు తప్పు అనే చెప్పాను. తర్వాత ఆకుపచ్చ చీరకు తొంభై సెంటీమీటర్లు సరిగ్గా కొలిచి జాకెట్టు గుడ్డ వేరుచేసి, కట్టుకున్న చీర మీదే ఆ చీర కట్టటం మొదలుపెట్టాను. చుట్టు తిప్పి, కుచ్చిళ్ళు పెట్టాను. మూడు, నాలుగు. నాలుగు కుచ్చిళ్ళు దోపాక కూడా కొంగు మోచెయ్యి దాటి జానెడు కిందికి దిగింది. కొంగు చేతిలోకి తీసుకుని ఒకసారి ఊరికే చూసుకున్నాను. ఆ వారంలో నేను ఒక్క కిలో కూడా తగ్గలేదు. నా ఒంటికి వంక పెట్టుకోకుండా చీర కొలిచాను, అంతే తేడా.

ఒక నిమిషం దాకా ఒక్క కామెంటూ రాలేదు. అయిపోయింది, షాపు ముంచేశాననుకున్నాను. అప్పుడు కర్లపాలెం నుంచి ఒక టీచరమ్మ రాసింది. 'నాకూ అంతేనండి. మా అక్కతో కూడా చెప్పుకోలేదు. ఇప్పుడే కొలిచాను, అయిదూ పది.' దాని వెనకే ఇంకొకరు. 'నలభై ఆరు. నాదీ పొట్టిదే.' తర్వాత వరద వచ్చినట్టు వచ్చాయి. నలభై రెండు, నలభై ఎనిమిది, నలభై నాలుగు. ఎవరూ అడగకుండానే సైజులు రాసేస్తున్నారు, పేర్లతో సహా. చీటీ మీద చిన్న అక్షరాలతో దాచుకున్న అంకెలు అందరి ముందూ బారులు తీరాయి. చదువుతుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. తుడుచుకోవటానికి ఈసారి కొంగు చాలినంత ఉంది.

పోయిన వారం పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఫోను అడ్డంగా తిప్పమని రాశాడు. శ్రావ్య ముఖం మాడిపోయింది. నేను నవ్వాను.

"తిప్పు శ్రావ్యా, అన్నయ్యగారు అడుగుతున్నారు. అడ్డంగానే తిప్పు. అంచు పూర్తిగా కనపడుద్ది."

శ్రావ్య తిప్పింది. నిజంగానే అంచు బాగా కనిపించింది. ఆ ఆకుపచ్చ చీరలు షాపులో ఉన్నవన్నీ అయిదు నిమిషాల్లో అడిగేశారు. అన్నయ్యగారు మళ్ళీ రాయలేదు.

అప్పుడు జరిగింది నేను కలలో కూడా అనుకోనిది. ముప్ఫై ఏళ్ళుగా గల్లాపెట్టె వెనక నుంచి కదలని మా అత్తయ్య, జడ సర్దుకుని, వచ్చి నా పక్కన నిలబడింది. కెమెరా వైపు కాకుండా నా వైపు చూస్తూ మాట్లాడింది. తప్పు మాదేనంది. పొట్టి చీర ఉన్నవాళ్ళంతా తెమ్మని, కట్టినదైనా సరే మార్చి ఇస్తామని, ఇక మీదట ప్రతి చీరా మీ ఎదుటే కొలుస్తామని చెప్పింది. ఆ క్షణంలో ఆమె మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

లైవు కట్టేశాక ఆమె నా కొత్త జాకెట్టు భుజం పట్టుకుని కుట్టు చూసింది. ఎవరు కుట్టారని అడిగింది. చెప్పాను.

"నలుగురూ నవ్వుతారని నిన్ను దాచానమ్మా. నీకు చెడు చేద్దామని కాదు. శుక్రవారం బాపట్లలో కొబ్బరికాయ నువ్వే కొట్టు. కౌంటరు మీద నువ్వే కూర్చో."

పొద్దున నోరు మూయించటానికి ఇస్తానన్న కౌంటరును మధ్యాహ్నం నోరు విప్పినందుకు ఇచ్చింది. నేను కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆపేసి, ముందు తిందువుగాని రా అంది. రాఘవయ్య బాబాయి హోటలు నుంచి భోజనాలు తెప్పించాడు. షాపులో అందరం వెనక గదిలో కూర్చున్నాం. ఫోను మోగుతూనే ఉంది. ఆకులో అన్నం చూస్తే ఆకలి దంచేసింది. ఎవరేమనుకుంటారో అని చూసుకోకుండా, రెండోసారి పప్పు వేయించుకుని, నెయ్యి కలుపుకుని తిన్నాను.

తింటుండగా శ్రావ్య కనిపించలేదు. చీరల గదిలోకి వెళ్ళి చూశాను. చీరల బేళ్ళ మీద కూర్చుని ఉంది. దాని భోజనం పొట్లం విప్పకుండా పక్కన అలాగే ఉంది. కౌంటరు పోయిందని బాధపడుతోందేమో అనుకుని, పక్కన కూర్చుని, బాపట్లలో మనిద్దరం కలిసే ఉందామే అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. కౌంటరు గురించి కాదంది.

లైవులో తను నిలబడటం మొదలుపెట్టిన రోజు నుంచి, ఈ రెండేళ్ళుగా, మధ్యాహ్నం మజ్జిగే తాగుతున్నానని చెప్పింది. రాత్రి కంచం ముందు కూర్చుని, అమ్మ చూడనప్పుడు అన్నం తీసి కవర్లో కట్టి పారేస్తున్నానని చెప్పింది. నెల నెలా రావలసినది కూడా అయిదు నెలలుగా రావటం లేదని, ఎవరికీ చెప్పొద్దని చెప్పింది. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. ఈ చేతిని చూసి నేను ఎన్నిసార్లు కుళ్ళుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

అది పొట్లం వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"వదినా, ఇక ముందు నువ్వుంటావు గదా. అయితే నేను అన్నం తినొచ్చా?"

పొట్లం అందుకోబోతూ తలెత్తాను. గుమ్మంలో, చేతిలో మజ్జిగ గ్లాసు పట్టుకుని, అత్తయ్య నిలబడి ఉంది.